వారం వారం పొదుపు, వారం వారం స్కాన్

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆఫీసు కంప్యూటర్ల భద్రత అంశంపై ఒక గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఎజెండాలో బ్యాంకు లింకేజీ ఉంది, స్త్రీనిధి వసూళ్లు ఉన్నాయి, ఆడిట్ ఉంది. వాటి మధ్యలో నాకు ఇచ్చిన అంశం ఆఫీసు కంప్యూటర్లకు క్రమం తప్పకుండా యాంటీవైరస్ స్కాన్ పెట్టుకోవడం. ఎజెండా చదివినప్పుడు ఇద్దరు ముగ్గురు అక్కలు నవ్వారు. "గది ఆపరేటర్ పిల్ల చూసుకుంటది, మనకెందుకు?" అన్నారు. మనకెందుకో చెప్పడానికే నేను నిలబడ్డ.

నేను పదో తరగతి వరకే చదివిన. కంప్యూటర్ ఇంజనీరును కాదు. కానీ ఈ పనికి ఇంజనీరు అవసరం లేదు. సంఘం నడపడానికి ఏ అలవాటు కావాలో దీనికీ అదే అలవాటు కావాలె. నేను చెప్పబోయే మాట ఇదొక్కటే: యాంటీవైరస్ స్కాన్ కంప్యూటర్ పని కాదు, పుస్తక నిర్వహణ పని. మన పంచసూత్రాలలో అది ఐదో సూత్రం కిందికే వస్తుంది.

పెట్టె మారింది, తాళం మారలేదా?

సంఘాలు పెట్టుకున్న కొత్తలో మన ఆస్తి అంతా ఒక రేకు పెట్టెలో ఉండేది. పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం, మినిట్స్ బుక్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ అందులోనే. పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో పెట్టుకున్నాం. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక కాదు. పది మంది సొమ్ముకు ఒక పద్ధతి ఉండాలె కాబట్టి.

ఇప్పుడు ఆ పెట్టె మండల సమాఖ్య ఆఫీసులో బల్ల మీద కూర్చున్న కంప్యూటర్. దాంట్లో ఏముంది? సభ్యుల ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతా నంబర్లు, ఫొటోలు, సంతకాలు చేసిన తీర్మానాల స్కాన్ కాపీలు, రుణాల డాక్యుమెంట్లు, కిస్తుల పట్టికలు, బీమా క్లెయిముల కాగితాలు, ఆడిట్‌కు ఇచ్చే లెక్కలు ఉన్నాయి. రేకు పెట్టెకు రెండు ఇళ్ల కాపలా పెట్టినవాళ్లం, ఈ పెట్టెకు ఏం కాపలా పెట్టినం?

"ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటున్నాయి కదా, ఈ కంప్యూటర్ పోతే ఏమైతది?" అని ఒక చెల్లె అడిగింది. మంచి ప్రశ్నే. లెక్కలు ఎక్కడో సర్వర్‌లో ఉండొచ్చు. కానీ ఆ సర్వర్‌లోకి పోయే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఎక్కడ కొడుతున్నాం? ఈ కంప్యూటర్ కీబోర్డు మీదనే. కొన్ని వైరస్‌లు ఏ ఫైలునూ పాడు చేయవు. మనం కీబోర్డు మీద ఏ అక్షరం నొక్కితే ఆ అక్షరం రాసుకుని బయటికి పంపిస్తుంటాయి. కంప్యూటర్ ఎప్పటిలాగే నడుస్తుంది. మనకు తెలియదు.

మన దగ్గరికి ఎట్ల వస్తది?

మన పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొల్లారం, పాశమైలారం వైపు ఒకసారి చూడండి. ప్రతి సందులో ఒక జిరాక్స్ సెంటర్, ఒక ఆన్‌లైన్ సెంటర్ ఉంటది. బీహార్, ఒడిశా నుంచి కంపెనీల్లో పనికి వచ్చిన తమ్ముళ్లు ఆధార్ ప్రింట్‌కు, రైలు టికెట్‌కు, బయోడేటాకు అక్కడికే వస్తారు. మన వాళ్లూ అక్కడికే పోతారు. రోజుకు ఎంతోమంది పెన్‌డ్రైవ్‌లు ఒకే కంప్యూటర్‌కు గుచ్చుతారు. అది ఆ దుకాణం నడిపేవాళ్ల తప్పు అని నేను అనను, వాళ్ల బతుకుదెరువే అది. కానీ ఊరంతా నీళ్లు తాగిన గ్లాసును కడగకుండా మన కుండలో ముంచుతామా? రుణం డాక్యుమెంట్లు ప్రింట్ తీయడానికి పోయిన పెన్‌డ్రైవ్‌ను మాత్రం తెచ్చి నేరుగా సమాఖ్య కంప్యూటర్‌కు గుచ్చుతున్నాం.

ఇంకో దారి ఈమెయిల్. "మీ బిల్లు", "ఆడిట్ నోటీసు", "గ్రాంటు మంజూరు" అని పేరు పెట్టి ఒక ఫైలు వస్తుంది. తెరిస్తే లోపలికి దిగుతుంది. మూడో దారి, డబ్బులు పెట్టి కొనకుండా ఎవరో ఎక్కించి ఇచ్చిన దొంగ సాఫ్ట్‌వేర్. నాలుగోది, ఖాళీ టైములో సినిమాలు, ఆటలు డౌన్‌లోడ్ చేయడం.

పేరు చెప్పను గానీ, ఒక ఆఫీసులో జరిగింది చెప్తా. బయటికి పోయి వచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చిన తెల్లారి, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్ గుర్తులుగా మారిపోయాయి. ఏది నొక్కినా తెరుచుకోలేదు. ఆ వారంలోనే కొన్ని సంఘాల రుణం కాగితాలు బ్యాంకుకు పోవాలె. మళ్లీ సభ్యుల దగ్గరికి పోయి ఆధార్‌లు అడిగి, మళ్లీ టైపు చేసి, మళ్లీ సంతకాలు పెట్టించేసరికి పన్నెండు రోజులు ఆలస్యమైంది. అందులో ఒక అక్క బిడ్డ కాలేజీ ఫీజుకు ఆగలేక బయట యాభై వేలు ఐదు రూపాయల మిత్తికి తెచ్చింది. పన్నెండు రోజులే వాడినా నెల మిత్తి నెల మిత్తే. 2,500 రూపాయలు కట్టింది. ఆ అక్క ఎన్నడూ కంప్యూటర్ ముట్టలేదు. వైరస్ ఖర్చు మాత్రం ఆమె కొంగులోంచే పోయింది. ఇది "ఆపరేటర్ పిల్ల పని" అని నవ్వే ముందు ఆ 2,500 గుర్తు పెట్టుకోవాలె.

పెద్ద పెద్దవాళ్లకూ తప్పలేదు

ఇది మనలాంటి చిన్న ఆఫీసులకే వచ్చే కష్టం కాదు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానన్నది. ఇలాంటి వాటినే రాన్సమ్‌వేర్ అంటారు. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. ఆ వైరస్ వచ్చిన సందును మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ కంపెనీ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, ఇచ్చింది. ఎక్కించుకున్న కంప్యూటర్లు బతికాయి. తర్వాత చూద్దాంలే అని వదిలేసినవి ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఇంకొకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది. మహేశ్ బ్యాంకు, మనలాగే సభ్యులతో నడిచే సహకార బ్యాంకు. 2022 జనవరిలో దాని నుంచి దొంగలు 12 కోట్ల 48 లక్షల రూపాయలు వేరే ఖాతాలకు మళ్లించారు. గోడకు కన్నం పెట్టలేదు, లాకరు పగలగొట్టలేదు. దర్యాప్తు చేసిన హైదరాబాద్ పోలీసులు చెప్పింది ఏందంటే, అంతకు ముందు 2021 నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా దొంగ ఈమెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచినప్పుడు, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం లోపలికి దిగింది. అక్కడి నుంచి పాస్‌వర్డులు పట్టుకున్నారు. తర్వాత భద్రతలో లోపాలున్నాయని రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

అక్కలారా, ఇందులో మనం చూడాల్సింది కోట్లు కాదు, తేదీలు. నవంబరులో లోపలికి వచ్చింది, జనవరిలో డబ్బు పోయింది. మధ్యలో రెండు నెలలు ఉన్నాయి. దొంగ ఇంట్లో దూరి రెండు నెలలు అటక మీద కూర్చున్నాడు. అంత పెద్ద దొంగలను ఒక్క స్కాన్ పట్టుకుంటుందని నేను చెప్పను. కానీ అటక ఎక్కి చూసే అలవాటే లేని ఇంట్లో దొంగకు రెండు నెలలు కాదు, రెండేళ్లయినా భయం లేదు.

గేటు కాపలా వేరు, రౌండు వేరు

"మా కంప్యూటర్‌లో యాంటీవైరస్ ఉంది" అని చాలామంది ధైర్యంగా ఉంటున్నారు. ఇల్లు అలకగానే పండుగ కాదు. ఉండటం వేరు, చూడటం వేరు.

మన ఇళ్లల్లో చాలామంది కంపెనీలకు పనికి పోతారు కాబట్టి అట్లనే చెప్తా. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఉంటాడు. వచ్చేవాళ్ల కార్డు చూస్తాడు, సంచి చూస్తాడు. అదే సెక్యూరిటీ రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని లోపలంతా ఒక రౌండు కూడా తిరుగుతాడు. గేటు దగ్గర చూసినంక మళ్లీ రౌండు ఎందుకు? గేటు దగ్గర తప్పించుకున్నవాడు లోపల ఉండొచ్చు కాబట్టి.

యాంటీవైరస్ కూడా రెండు పనులు చేస్తుంది. ఫైలు లోపలికి వచ్చేటప్పుడు, తెరిచేటప్పుడు చూస్తుంది. అది గేటు కాపలా. దానికి తెలిసిన వైరస్‌ల జాబితా ఒకటి ఉంటుంది. జాబితాలో పోలిక దొరికితే ఆపుతుంది. కొత్త వైరస్‌లు రోజూ పుడుతూనే ఉంటాయి, జాబితా కూడా రోజూ పెరుగుతుంది. సోమవారం వచ్చిన ఫైలు సోమవారం నాటి జాబితాలో లేకపోవచ్చు, అందుకే లోపలికి పోనిచ్చింది. బుధవారం జాబితాలో దాని పేరు ఎక్కింది. ఇప్పుడు కొత్త జాబితా పట్టుకుని లోపల ఉన్న పాత ఫైళ్లన్నింటినీ ఒకసారి తిరిగి చూస్తే దొరుకుతుంది. ఆ తిరిగి చూడటమే స్కాన్. అందుకే స్కాన్ ఒక్కసారి చేసి వదిలేసేది కాదు, మళ్లీ మళ్లీ చేయాల్సింది. అందుకే స్కాన్‌కు ముందు జాబితా అప్‌డేట్ కావాలె. గడువు అయిపోయిన యాంటీవైరస్ పాత ఫొటోలు పట్టుకుని కూర్చున్న వాచ్‌మన్ లాంటిది, కొత్త దొంగను గుర్తుపట్టదు.

స్కాన్‌లో రెండు రకాలు ఉన్నాయి. క్విక్ స్కాన్ అంటే వైరస్ ఎక్కువగా దాక్కునే చోట్లు మాత్రమే చూసేది. బియ్యం వండే ముందు చాటలో పోసి చెరిగి చూస్తాం కదా, అది. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఫుల్ స్కాన్ అంటే మొత్తం కంప్యూటర్ చూసేది. బస్తా మొత్తం దించి ఎండబోసి పురుగు చూసుకున్నట్టు. పాత కంప్యూటర్‌లో దానికి గంటలు పడుతుంది. రోజూ బస్తా ఎండబోయం, అట్లని ఏడాదికొకసారి కూడా ఎండబోయకపోతే పురుగు పడుతుంది.

సమయం ఎందుకు పెట్టాలె?

విండోస్ తనంతట తాను ఇలాంటి పనులు చేసుకోవడానికి మామూలుగా పెట్టి ఉంచే సమయం రాత్రి 2 గంటలు. పగలు పనికి అడ్డం రావొద్దని. మన ఆఫీసు సాయంత్రానికి మూసేసి, మెయిన్ స్విచ్ కూడా ఆపి పోతాం. కరెంటు లేని కంప్యూటర్ రెండు గంటలకు ఏం చూస్తుంది? తప్పిపోయిన పనిని తర్వాత ఖాళీ దొరికినప్పుడు చేసుకుంటుంది, నిజమే. కానీ మన కంప్యూటర్‌కు ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది? పొద్దున ఆన్ చేసిన దగ్గర్నుంచి ఆన్‌లైన్ ఎంట్రీలే. ఇంకో మాట, స్కాన్ మొదలై కంప్యూటర్ నెమ్మదిస్తే, బయట వీఓఏలు ఎదురు చూస్తుంటే, ఆపరేటర్ దాన్ని ఆపేస్తుంది. ఆ పిల్ల స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. కాబట్టి ఆఫీసు పనికి అడ్డం రాని సమయం మనమే చూసి పెట్టాలె.

నా సూచన ఇది. వారానికి ఒకసారి, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు క్విక్ స్కాన్. అది భోజనం సమయం, కంప్యూటర్ ఆన్‌లో ఉంటుంది, పని ఉండదు. నెలకు ఒకసారి, మండల సమాఖ్య కార్యవర్గ సమావేశం రోజు ఫుల్ స్కాన్. ఆ రోజు ఆపరేటర్ కూడా సమావేశంలోనే కూర్చుంటుంది, కంప్యూటర్‌కు మూడు నాలుగు గంటలు ఖాళీ దొరుకుతుంది. సమావేశంలో చదివే నివేదికలు మాత్రం ముందురోజే ప్రింట్ తీసి పెట్టుకోవాలె. ఇంకో లాభం, సమావేశం ముగిసేలోపు స్కాన్ ఫలితం వస్తుంది, అందరి ముందూ చదివి మినిట్స్‌లో రాయొచ్చు.

పెట్టే పద్ధతి ఇట్ల. విండోస్ 10, 11 లలో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగానే వస్తుంది. స్టార్ట్ నొక్కి టాస్క్ షెడ్యూలర్ అని టైపు చేయాలి. తెరుచుకున్నాక ఎడమ పక్క టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో విండోస్ డిఫెండర్. అక్కడ విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్ అనే వరుస కనిపిస్తుంది. దాని ప్రాపర్టీస్‌లో ట్రిగ్గర్స్‌లోకి పోయి, న్యూ నొక్కి, వీక్లీ ఎంచుకుని, వారం, సమయం పెట్టాలి. తర్వాత సెట్టింగ్స్‌లో, పెట్టిన సమయం తప్పిపోతే వీలైనంత త్వరగా మొదలుపెట్టమనే గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్ పెట్టాలి. గురువారం ఒంటిగంటన్నరకు కరెంటు పోతే, వచ్చినంక అదే మొదలవుతుంది. ఈ ఒక్క టిక్ మరిచిపోవద్దు. ఫుల్ స్కాన్ మాత్రం నెలకొకసారే కాబట్టి చేతితోనే మొదలుపెట్టొచ్చు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌లోకి పోయి ఫుల్ స్కాన్ ఎంచుకుని స్కాన్ నౌ నొక్కితే చాలు.

కొనుక్కున్న యాంటీవైరస్ ఉన్న ఆఫీసుల్లో దాని సెట్టింగ్స్‌లోనే స్కాన్ షెడ్యూల్ అని ఉంటుంది. గడువు తేదీ మాత్రం గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలె. రెండు యాంటీవైరస్‌లు ఒకే కంప్యూటర్‌లో ఎక్కించొద్దు. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు వంటవాళ్లలాగ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

దొరికితే ఏం చెయ్యాలె?

స్కాన్ అయినంక తెర మీద ఎన్ని ఫైళ్లు చూసింది, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని ముప్పులు దొరికాయి అనేది వస్తుంది. విండోస్ సెక్యూరిటీ గుర్తు మీద పచ్చ టిక్ ఉంటే బాగున్నట్టు. పసుపు వస్తే ఏదో చేయమంటున్నది. ఎరుపు వస్తే వెంటనే చూడాలె. ఇంగ్లీషు రాని అక్కకు కూడా రంగు తెలుస్తుంది. కాబట్టి "మాకు కంప్యూటర్ రాదు" అని ఓబీలు ఎవరూ తప్పించుకోవద్దు.

ముప్పు దొరికితే మొదట దాన్ని క్వారంటైన్‌లో పెట్టాలి. కరోనా అప్పుడు విన్న మాటే, వేరే గదిలో పెట్టి తాళం వేసినట్టు. అలౌ అనే బటన్ మాత్రం నొక్కొద్దు. ఆ రోజు గుచ్చిన పెన్‌డ్రైవ్‌లు పక్కన పెట్టి, మళ్లీ ఫుల్ స్కాన్ చేసి, వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులు మార్చాలి. కేంద్ర ప్రభుత్వ సర్ట్-ఇన్ సంస్థ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి ఉంది, శుభ్రం చేసే ఉచిత ప్రోగ్రాంలు దాని వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

ఫైళ్లకు తాళం పడి డబ్బు అడిగితే, వెంటనే ఇంటర్నెట్ వైరు పీకేయాలి. డబ్బు కట్టొద్దు, కట్టినా తాళం తీస్తారన్న నమ్మకం లేదు. ఏపీఎం సారుకు చెప్పి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. ఖాతా నుంచి డబ్బే పోతే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. ఇంకొకటి, తెర మీద "మీ కంప్యూటర్‌కు వైరస్ వచ్చింది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని వస్తే అది వైరస్ హెచ్చరిక కాదు, దొంగ పిలుపు. చేయొద్దు.

ఇక్కడ ఓబీ అక్కలకు ఒక మాట. స్కాన్‌లో వైరస్ దొరికిందని ఆపరేటర్ వచ్చి చెప్తే తిట్టొద్దు. ఆ పిల్లలు మన బిడ్డలే, తక్కువ జీతానికి ఎక్కువ పని చేస్తున్నారు. ఒక్కసారి తిట్టినమంటే రెండోసారి చెప్పరు, దాచుకుంటారు. కిస్తు కట్టలేకపోయిన సభ్యురాలు సమావేశానికి వచ్చి కష్టం చెప్పుకుంటే సంఘం నిలబడుతుంది, భయపడి రావడం మానేస్తే సంఘం పడిపోతుంది. ఇదీ అంతే. దొరికిందంటే స్కాన్ పని చేస్తున్నట్టు. చెప్పిన పిల్లను మెచ్చుకోవాలె.

స్కాన్ ఒక్కటే చాలదు

స్కాన్ చేసినమని నిశ్చింతగా పడుకోవద్దు. దానికి తోడు మూడు పనులున్నాయి. మొదటిది అప్‌డేట్. విండోస్ 7కు అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగాయి. విండోస్ 10కు మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన ఆఫీసుల్లో ఏ కంప్యూటర్‌లో ఏది ఉందో చూసి, మార్చాల్సిన వాటికి వచ్చే బడ్జెట్‌లోనే పైసలు పెట్టుకోవాలె.

రెండోది పెన్‌డ్రైవ్ పద్ధతి. బయటికి పోయే పెన్‌డ్రైవ్ ఒకటే ఉండాలె, దానికి ఎర్ర దారం కట్టుకుందాం. అందులో ఆ రోజు ప్రింట్‌కు కావాల్సినవి తప్ప ఇంకేం ఉండొద్దు. తిరిగి వచ్చినంక తెరవకముందే దాని మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయాలె.

మూడోది, అన్నింటికన్నా ముఖ్యమైనది, నకలు. వారానికి ఒకసారి ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టాలె. గుచ్చి ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది. కాపీ ఎప్పుడూ స్కాన్ అయినంకనే చేయాలె, లేకపోతే పురుగు పట్టిన విత్తనమే దాచుకున్నట్టు అవుతుంది.

రిజిస్టర్ లేని పని పని కాదు

అక్కలారా, మనకు ఒక సంగతి బాగా తెలుసు. "నెల నెలా పొదుపు చేస్తున్నం" అని నోటితో చెప్తే ఏ బ్యాంకు మేనేజరు రుణం ఇచ్చిండు? పుస్తకం చూపిస్తేనే ఇచ్చిండు. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ, ఐదింటికీ ముందు ఒకే మాట ఉంది: క్రమం తప్పకుండా. ఆ మాటే మనల్ని ఇక్కడిదాకా తెచ్చింది. వెయ్యి రూపాయలు ఒకేసారి కట్టిన సంఘం కన్నా, వారం వారం పది రూపాయలు తప్పకుండా కట్టిన సంఘమే నిలబడ్డది. కంప్యూటర్‌కూ అంతే. భయమేసినప్పుడు ఒక్కరోజు పది సార్లు స్కాన్ చేయడం కన్నా, ఏ భయం లేని గురువారం కూడా ఒక్కసారి చేయడం మేలు.

అందుకని ఈ మహాసభ ముందు ఒక తీర్మానం పెడుతున్న.

ఒకటి, మండల సమాఖ్య ఆఫీసులోనూ, కంప్యూటర్ ఉన్న ప్రతి గ్రామ సమాఖ్యలోనూ గురువారం మధ్యాహ్నం 1:30కు క్విక్ స్కాన్, కార్యవర్గ సమావేశం రోజు ఫుల్ స్కాన్ పెట్టాలి.

రెండు, స్కాన్ రిజిస్టర్ ఒకటి పెట్టాలి. అందులో తేదీ, ఏ స్కాన్, ఎన్ని ఫైళ్లు, ఏం దొరికింది, ఏం చేశాం, ఆపరేటర్ సంతకం, ఒక ఓబీ సంతకం ఉండాలి. ఓబీ వచ్చి రంగు చూసినంకనే సంతకం పెట్టాలి.

మూడు, ప్రతి నెల సమావేశం ఎజెండాలో పొదుపు, వసూళ్ల తర్వాత స్కాన్ నివేదిక ఒక అంశంగా ఉండాలి. ఏమీ దొరకకపోతే "ఏమీ దొరకలేదు" అని కూడా రాయాలి.

నాలుగు, స్కాన్ తర్వాత నకలు తీసి బీరువాలో పెట్టాలి, బీరువా తాళం ఆపరేటర్ దగ్గర కాకుండా కోశాధికారి దగ్గర ఉండాలి.

ఐదు, మూడు నెలల తర్వాత ఒక మండల ఓబీ ప్రతి ఆఫీసుకు పోయి రిజిస్టర్ చూసి రావాలి.

దీనికి కొత్త గ్రాంటు అడగడం లేదు, కొత్త మనిషిని అడగడం లేదు. వారానికి పది పదిహేను నిమిషాలు, ఒక వంద పేజీల పుస్తకం, ఇద్దరి సంతకాలు అడుగుతున్న. ఒప్పుకున్న అక్కలు చేతులెత్తండి. వచ్చే గురువారం తేదీతోనే రిజిస్టర్‌లో మొదటి వరుస రాద్దాం.